దూకడం సరే, దిగడం వచ్చా?

పరిగి నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం ఈ వారం నా బల్ల మీద ఉంది. ముందు అది చదవండి.

"డాక్టరు గారికి నమస్కారం. మా రెండోవాడికి పద్నాలుగేళ్లు. సముద్రం మీద పెద్ద గాలిపటం కట్టుకుని, చెక్క మీద జారుతూ, తాడెత్తు ఎగిరి మెత్తగా దిగేవాళ్ల బొమ్మలు సెల్‌ఫోనులో చూస్తూ కూర్చుంటాడు. దిగే ముందు గాలిపటాన్ని గిరికీ కొట్టిస్తే దెబ్బ తగలదట. మొన్న సంక్రాంతికి టార్పాలిన్ పట్టాకు నాలుగు మూలలా తాళ్లు కట్టి, అది పట్టుకుని మిద్దె మీద నుంచి వాకిట్లోకి దూకాడు. మా వాకిలంతా తాండూరు బండలే. మడమ వాచింది. తెలిసినాయన చేత నూనె రాయించి, తోమించి, కట్టు కట్టించాం. మూడు వారాలైంది. ఇంకా మునివేళ్ల మీదే కుంటుతున్నాడు. నడుము పట్టేసిందని కూడా అంటున్నాడు. వాడు మాత్రం 'తిప్పడం కుదరలేదు నాన్నా, నేర్చుకుంటే వస్తుంది' అంటాడు. ఇది నేర్చుకునే విద్యేనా? వాడి కాలు ఎప్పటికి బాగవుతుంది?"

అయ్యా, రెండో ప్రశ్నకు జవాబు ముందు చెబుతాను. ఈ పత్రిక పక్కన పెట్టి, రేపు పొద్దున్నే పిల్లవాణ్ణి ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లండి. నడిపించవద్దు, ఎత్తుకుని తీసుకువెళ్లండి. మడమకు ఒకటి, నడుముకు ఒకటి, రెండు చోట్లా ఎక్స్‌రే తీయమని మీరే అడగండి. మడమ చూపించి, నడుము సంగతి చెప్పడం మరిచిపోయేవాళ్లు చాలామంది.

ఎందుకింత తొందర అంటారా? మడమ ఎముకను మనం రాయిలాంటిదనుకుంటాం. నిజానికి అది పైన పలచటి పెంకు, లోపల స్పంజి ఉన్న ఎముక. ఎత్తు నుంచి నిలువుగా పడ్డప్పుడు ఒంటి బరువంతా పైనుంచి, బండ కింద నుంచి దాన్ని నొక్కుతాయి. అది రెండుగా విరగదు, కోడిగుడ్డు నలిగినట్టు నలుగుతుంది. పైకి చూస్తే వాపే కనిపిస్తుంది. మర్నాటికో మూడోనాటికో అరికాలి మధ్య నల్లగా కమిలితే అది ఇంచుమించు మడమ విరిగిన గుర్తే. మీవాడికి అలా కమిలిందో లేదో జ్ఞాపకం చేసుకోండి. ఇలా ఎత్తు నుంచి పడి మడమ విరిగినవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి నడుము దగ్గర వెన్నుపూస కూడా నలిగి ఉంటుంది. దెబ్బ మడమ దగ్గర ఆగదు. పిక్క, తొడ, తుంటి మీదుగా వెన్ను దాకా ఎక్కుతుంది. పాశ్చాత్య డాక్టర్లు ఈ మడమ విరుపుకు సరదాగా 'ప్రేమికుడి విరుపు' అని పేరు పెట్టుకున్నారు. ఇంటాయన వస్తున్న చప్పుడు విని కిటికీలోంచి దూకేసే ప్రియుడి కథ లెండి. మన దగ్గర ఆ కథ కన్నా పతంగుల కథే ఎక్కువ.

పద్నాలుగేళ్ల పిల్లల్లో ఇంకో సంగతి ఉంది. వాళ్ల ఎముకల చివర ఇంకా పెరుగుతున్న మెత్తటి పొర ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలి, సకాలంలో సరిచేయకపోతే ఆ కాలు వంకరగానో పొట్టిగానో ఎదగవచ్చు. నూనెతో తోమడం ఇక ఒక్కసారి కూడా వద్దు. పట్టు తెలిసిన కట్టువాళ్లను నేను చులకన చేయడం లేదు. పుత్తూరు కట్టుకు ఎక్కడెక్కడి నుంచో జనం వెళతారని నాకూ తెలుసు. కాని లోపల ఏది ఎలా విరిగిందో చూడకుండా తోమితే కొద్దిగా పగిలింది పూర్తిగా పక్కకు జరుగుతుంది. కట్టు మరీ బిగిస్తే నెత్తురు పారదు. కట్టు కింద వేళ్లు చల్లబడినా, నల్లబడినా, తిమ్మిరెక్కినా ఆ కట్టు అప్పటికప్పుడే విప్పాలి. కాళ్లలో పట్టు తగ్గినా, మూత్రం బిగిసినా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోను చేయండి.

ఇక మొదటి ప్రశ్న. అది నాకూ నచ్చింది, అందుకే ఈ వారం పేజీ అంతా దీనికే ఇస్తున్నాను.

మీవాడు చూసింది గారడీ కాదు. ఆ ఆట పేరు కైట్ బోర్డింగ్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో గాలిపటంతో సాగే పందెం మొదటిసారి చేర్చారు. మార్సేల్ ఊరి సముద్రంలో జరిగింది. అది వేగం పందెమే, దూకుళ్ల పందెం కాదు. ఎగిరి దిగే విద్య అదే ఆటలో మరో శాఖ. ఆటగాడి నడుముకు బలమైన పట్టీ ఉంటుంది. దాని నుంచి నాలుగు దారాలు, ఇరవై మీటర్ల పైచిలుకు పొడవున సాగి, నెలవంకలాంటి గాలిపటానికి చేరతాయి. ఆ పటం గాలి నింపిన గొట్టాలతో బిగిసి నిలబడుతుంది. పెద్దవాళ్లు మామూలుగా వాడేది తొమ్మిది నుంచి పన్నెండు చదరపు మీటర్ల పటం. మీ పడక గది నేలంత అనుకోండి.

దీని కిటుకు పరిగిలో పతంగి ఎగరేసిన ఏ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. ఆకాశంలో కదలక నిలబడ్డ పతంగి మాంజాను మెల్లగా లాగుతుంది. అదే గోతా కొట్టినప్పుడో? వేలు తెగేంత గుంజుతుంది. గాలిని కోస్తూ పరుగెత్తే పటానికి బలం ఎక్కువ. దాని వేగం రెండింతలైతే గుంజుడు నాలుగింతలవుతుంది. సముద్రం మీద ఎగిరినవాడు కిందికి వస్తూ, చేతిలోని కమ్మీని ఒక పక్క గట్టిగా లాగుతాడు. పైనున్న పటం ఒక గిరికీ కొడుతుంది. ఆ పరుగులో పుట్టిన బలం మనిషిని ముందుకు ఈడుస్తుంది. పటం తిరిగి నెత్తి మీదికి ఎక్కే వేళకు కాస్త పైకి కూడా ఎత్తుతుంది. నిలువుగా పడవలసినవాడు అలా ఏటవాలుగా జారి, గాలి పోయే దిక్కుకే చెక్కను తిప్పి, మోకాళ్లు వంచి నీటి మీద పరుగందుకుంటాడు. చూసేవాళ్లకు పక్షి వాలినట్టుంటుంది.

ఆ గిరికీ ఒక్క క్షణం ఆలస్యమైతే మాత్రం కథ మారిపోతుంది. పటం ఇంకా కిందికి దూకుతుండగానే కాళ్లు నీటికి తగిలితే, కాపాడవలసిన ఆ బలమే మనిషిని నీటికేసి విసిరికొడుతుంది. భయపడి మధ్యలో కమ్మీని ముందుకు తోసేస్తే పటం బలం చచ్చి, రాయిలా పడతాడు. అందుకే అది నేర్పేవాళ్లు మొదట నేల మీద చిన్న పటంతో చేయి తిప్పడం నేర్పుతారు. తరువాత నీళ్లలో చెక్క లేకుండా పటం వెంట ఈడ్పించుకోవడం, ఆ తరువాత చెక్క మీద నిలబడడం. గిరికీలు మొదట ఎగరకుండా, జారుతూ ఉండగానే కొట్టిస్తారు. అది చేతికి అలవాటయ్యాక మోకాలెత్తు ఎగిరి దిగడం. ఫోనులో మీవాడు చూసిన రెండు నిమిషాల వెనుక ఎన్నో నెలల తడి బట్టలున్నాయి.

మరి మన టార్పాలిన్ మాటేమిటి? బాబుకు ఈ లెక్క చెప్పండి, తెలివైనవాడిలా ఉన్నాడు, అర్థం చేసుకుంటాడు. సైనికులు విమానం నుంచి దూకే గుండ్రటి పారాషూట్ అడ్డుకొలత ఇంచుమించు పది మీటర్లు. అంటే ఎనభై చదరపు మీటర్ల దాకా గుడ్డ. అంత గుడ్డ ఉన్నా సైనికుడు సెకనుకు అయిదారు మీటర్ల వేగంతో నేలకు తగులుతాడు. అది ఒకటిన్నర మీటర్ల గోడ మీద నుంచి ఉత్తచేతులతో దూకినట్టే. మీ పట్టా మహా అయితే పది చదరపు మీటర్లుంటుంది. మిద్దె ఎత్తు పది అడుగులు. అంత తక్కువ ఎత్తులో పట్టా విచ్చుకునేలోపే నేల వచ్చేస్తుంది. మూడు మీటర్ల నుంచి పడ్డ మనిషి గంటకు 27 కిలోమీటర్ల వేగంతో బండను తాకుతాడు. వీధిలో పోయే మోపెడ్ వేగమది. తిప్పడం కుదరక దెబ్బ తగల్లేదు నాయనా, అక్కడ తిప్పడానికేమీ లేదు.

అయినా దిగే విద్య ఉంది. దానికి గాలిపటం అక్కరలేదు.

పతంగుల భాషలోనే చెబుతాను. పేంచ్ పడ్డప్పుడు మాంజాను బిగబట్టినవాడి దారం పుటుక్కున తెగుతుంది. ఢీల్ ఇచ్చినవాడి దారం నిలుస్తుంది. కాళ్లు కూడా అంతే. మీటరు ఎత్తు అరుగు మీద నుంచి మోకాళ్లు బిగబట్టి దూకారనుకోండి. ఒళ్లు అయిదు సెంటీమీటర్లలో ఆగిపోతుంది. అప్పుడు కాళ్ల మీద పడే బరువు సగటున మీ బరువుకు ఇరవై రెట్లు. అరవై కిలోల మనిషికి 1200 కిలోల పైమాటే. అదే మోకాళ్లు, తుంటి వంచుకుంటూ అర మీటరు కిందికి జారి ఆగారా, అది మూడు రెట్లకు దిగుతుంది. ఎత్తు అదే, మనిషి అదే. ఆగడానికి తీసుకున్న దూరం పెరిగింది. కైట్ బోర్డింగ్ వాడి గిరికీ చేసే పని కూడా ఇదే. ఆగే దూరాన్ని పొడిగించడం.

అందుకే దున్నిన చేలో పడ్డవాడు దులుపుకుని లేస్తాడు. నేల తానే కొంత ఢీల్ ఇస్తుంది. తాండూరు బండ ఇవ్వదు. పరిగి, తాండూరు, వికారాబాదు వైపు వాకిట్లో, వసారాలో, బడి వరండాల్లో ఎక్కడ చూసినా ఆ నాపరాళ్లే. కడగడానికి హాయి, కూర్చోడానికి చల్లన. దూకడానికి మాత్రం అంతకన్నా చెడ్డ నేల లేదు. తడిసిందంటే జారుడు కూడా తోడవుతుంది.

ఇంట్లో నేర్చుకునే తీరు

బాగున్న కాళ్లవాళ్ల మాట ఇది. పరిగి బాబు డాక్టరు సరేననేదాకా ఆగాలి.

దిగే విద్యకు మూలం గుంజిళ్లు. వినాయకుడి ముందు తీసే గుంజిళ్లు, పంతులుగారు తీయించే గుంజిళ్లు. దిగినప్పుడు బరువు మోయవలసినవి తొడ కండరాలు, పిరుదుల కండరాలు. వాటిలో సత్తువ లేకపోతే ఆ బరువు ఎముక మీద, కీలు మీద పడుతుంది. రోజూ పది చొప్పున మూడు విడతలు చాలు. కిందికి దిగడం నెమ్మదిగా, లెక్కపెడుతూ దిగాలి. పైకి లేవడంలో కన్నా దిగడంలోనే అసలు చదువు ఉంది. మడమలు నేల మీదే ఉండాలి. కుర్చీ వెనుక ఉందనుకుని కూర్చోబోయినట్టు తుంటిని వెనక్కు జరపాలి.

రెండు వారాలయ్యాక ఒక్క మెట్టు ఎత్తు నుంచి, అంటే జానెడు కన్నా తక్కువ, మట్టి నేల మీదికి దిగండి. పైకి ఎగరవద్దు, ఊరికే అడుగు బయటపెట్టి రెండు కాళ్ల మీదా ఒకేసారి దిగాలి. ముందు పాదం ముందు భాగం, వెంటనే మడమ, ఆ వెంటనే మోకాలు, తుంటి వంగాలి. ఒళ్లు కాస్త ముందుకు వాలాలి, చేతులు ముందుకు రావాలి, చూపు ఎదురుగా ఉండాలి. సరిగ్గా చేస్తున్నారో లేదో చెప్పడానికి డాక్టరు అక్కరలేదు, మీ చెవులు చాలు. ధబ్బుమని చప్పుడైతే తప్పు. పిల్లి దిగినట్టు చప్పుడు లేకుండా దిగితే ఒప్పు. పక్కగదిలో అమ్మకు వినపడకూడదు, అదే పరీక్ష. చప్పుడు పోయేదాకా ఎత్తు పెంచవద్దు. వారానికి మూడు రోజులు, రోజుకు పది దిగుళ్లు. అరుగు ఎత్తు దాటి సాధన చేయనక్కరలేదు.

మా చిన్నతనంలో ఇదంతా ఎవరూ నేర్పలేదు. కోతికొమ్మచ్చి ఆడాం, చెట్టు కొమ్మ మీద నుంచి మట్టిలోకి రోజుకు యాభైసార్లు దూకాం. ఆడపిల్లలు తొక్కుడుబిళ్ల ఆడారు. ఒంటికాలి మీద ఎగిరి, గీత తొక్కకుండా దిగి, కదలకుండా నిలబడడం కన్నా మంచి సాధన ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. ఇప్పటి పిల్లలు కొమ్మ ఎక్కకుండా నేరుగా మిద్దె ఎక్కుతున్నారు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు వేరే ఒక మాట. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఆడే పిల్ల ఎగిరి దిగినప్పుడు ఎదురుగా నిలబడి మోకాళ్లు చూడండి. రెండు మోకాళ్లూ లోపలికి, ఒకదానికొకటి దగ్గరగా వాలుతున్నాయా? మోకాలి లోపల ముందువైపు అడ్డంగా ఉండే నారపట్టీ తెగడానికి అదే దారి. ఒకే ఆట ఆడే మగపిల్లల కన్నా ఆడపిల్లల్లో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. పిల్ల తప్పేమీ లేదు. తుంటి నిర్మాణం, కండరాల బలం, దిగే అలవాటు అన్నీ కలిసిన ఫలం. మోకాలు కాలి రెండో వేలి వైపే వంగేలా దిగడం నేర్పితే ఈ ప్రమాదం బాగా తగ్గుతుంది. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య 2006లో ఇరవై నిమిషాల సన్నాహక వ్యాయామాల వరుస ఒకటి తయారుచేయించింది. అందులో గుంజిళ్లూ, మెత్తగా దిగడమూ ముఖ్యం. అది క్రమం తప్పకుండా చేసిన జట్లలో దెబ్బలు దాదాపు మూడోవంతు తగ్గాయి. మన బడుల్లో ఆటకు ముందు అయిదు నిమిషాలు ఇది చేయించడానికి పైసా ఖర్చు లేదు. వ్యాయామం మాస్టర్లు దయచేసి గమనించాలి.

నలభై దాటినవారు, మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారు, ముట్లు ఆగిపోయిన స్త్రీలు, మోకాళ్లు అరిగినవారు దూకుళ్ల జోలికి పోవద్దు. మీకు గుంజిళ్లు, అవీ కుర్చీ పట్టుకుని, చాలు. బస్సు పూర్తిగా ఆగాక దిగడం మీ వ్యాయామం.

అనుకోకుండా పడితే

కావాలని దూకేవాళ్లు కొందరే. సంక్రాంతి రోజుల్లో ఆసుపత్రికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది తెగిన పతంగి వెంట ఆకాశం చూస్తూ వెనక్కు నడిచి, పిట్టగోడ లేని మిద్దె అంచు దాటినవాళ్లే. 'అఫా' అని అరుపు వినపడ్డప్పుడు కాలు ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. పిట్టగోడ నడుమెత్తు లేని మిద్దె మీదికి పిల్లల్ని పంపవద్దు, వీలైతే చేలోనో మైదానంలోనో ఎగరేయించండి. కరెంటు తీగకు చిక్కిన పతంగిని ఇనుప కడ్డీతో లాగవద్దు. ప్లాస్టిక్, నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. అది చరఖాలో ఉంటే పారేయండి.

పడడం తప్పనప్పుడు ఆగ్రాలోని వైమానిక దళం బడిలో పారాషూట్ సైనికులకు నేర్పే పద్ధతి తెలిసి ఉండడం మేలు. కాళ్లు రెండూ దగ్గరగా, మోకాళ్లు కొంచెం వంచి, గడ్డం గుండెకు ఆనించి దిగుతారు. పాదాలు నేల తాకగానే ఒక పక్కకు ఒరిగి పిక్క, తొడ, తుంటి, వీపు పక్క భాగం వరుసగా నేలకు తగిలేట్టు దొర్లుతారు. దెబ్బను ఒక్కచోట ఉంచకుండా ఒళ్లంతా పంచుకుంటుంది. చేతులు నేలకు ఆనించి ఆపబోయామా, మణికట్టు విరుగుతుంది.

ఈ విద్యలకూ ఒక హద్దు ఉంది. ఒక అంతస్తు దాటితే ఏ కిటుకూ పనిచేయదు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికులకు మోకాళ్లు వంచమని చెప్పడం ఎగతాళి అవుతుంది. వాళ్లకు కావలసింది పడకుండా పట్టుకునే మోకు. తెలంగాణ ప్రభుత్వం 2024లో 'కాటమయ్య రక్ష' పేరుతో వారికి రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇచ్చిన కిట్టును అటక మీద పెట్టవద్దని మా మనవి.

పడ్డవాణ్ణి చుట్టూ ఉన్నవాళ్లు చేసే మొదటి పని, చేతులు కాళ్లు పట్టి ఎత్తి కూర్చోబెట్టడం. దయచేసి అది చేయవద్దు. పలకరించండి. కాలివేళ్లు కదపమనండి. మెడ, వెన్ను నొప్పి అంటే, వేళ్లు కదలకపోతే, ఎక్కడున్నవాణ్ణి అక్కడే ఉంచి 108 వచ్చేదాకా తల కదలకుండా పట్టుకోండి. నీళ్లు తాగించవద్దు. వెన్ను బాగుండి కాలు మాత్రమే వాస్తే పట్టీలు, మెట్టెలు, బూట్లు తీసేసి, మంచుగడ్డ గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు అద్ది, కాలు దిండు మీద ఎత్తి పెట్టండి. వేడి కాపడం ఆనాడు వద్దు. చీలమండ బెణికిందో విరిగిందో తెలియడానికి కెనడా డాక్టర్లు కనిపెట్టిన తేలిక గుర్తు ఒకటుంది. నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండ గుబ్బల వెనుక అంచున నొక్కితే ఎముక మీద నొప్పి అన్నా ఎక్స్‌రే తప్పదు. ఎత్తు నుంచి పడి మడమ నొప్పి అన్నవాడికి మాత్రం ఈ పరీక్షలేవీ అక్కరలేదు, నేరుగా ఎక్స్‌రేకే.

పరిగి బాబుకు ఇక నేరుగా రెండు ముక్కలు. నాయనా, నీ కోరిక చెడ్డది కాదు. కాలు నయమయ్యాక మీ దగ్గరే ఉన్న కోటిపల్లి చెరువులో పడవ తెడ్డు వేయడం నేర్చుకో, లైఫ్ జాకెట్ వేసుకుని. ముందు ఈత రావాలి. గాలిపటం మాత్రం ఆ చెరువులో గానీ, లక్నాపూర్ ప్రాజెక్టులో గానీ ప్రయత్నించవద్దు. గుట్టలు, చెట్లు అడ్డుపడే చోట గాలి ఒకసారి ఆగి ఒకసారి విసురుతుంది. చుట్టూ కరెంటు తీగలుంటాయి. ఆ ఆటకు సముద్రపు నిలకడైన గాలి కావాలి. రామేశ్వరం వైపు దాన్ని నేర్పే బడులున్నాయి. పెద్దయ్యాక నాన్నగారిని అడిగి వెళుదువుగాని.

తండ్రిగారూ, ఎక్స్‌రేలో విరుపు కనబడితే డాక్టరు కొన్ని వారాలు ఆ కాలి మీద బరువు మోపవద్దంటారు. బడి పోతుందని తొందరపడి ముందే నడిపించవద్దు, చంకకర్రలతో బడికి పంపవచ్చు. ఎక్స్‌రేలో ఏమీ లేదంటే ఇంకా కుంటడానికి కారణమేమిటో, సి.టి. స్కాన్ అవసరమో కాదో అక్కడే అడిగి రండి. నడుము ఎక్స్‌రేలో ఏమి చెప్పారో మాత్రం తప్పకుండా నాకు ఉత్తరం రాయండి.